వేలెడు సందు

గుడ్డ కొలిచేటప్పుడు కాస్త లాగి పట్టాలి. కొలకర్ర చివర బొటనవేలు నొక్కి, తర్వాతి మీటరును వేలికి అవతలి నుంచి కాక ఇవతలి నుంచి మొదలుపెట్టాలి. అప్పుడు వేలి వెడల్పు రెండుసార్లు కొలతలోకి వస్తుంది. చంద్రగిరిలో మా నాయన గుడ్డల అంగడిలో నేను నేర్చుకున్న మొదటి విద్య ఇదే. కొనేవాళ్లకు తెలియదా అంటే, చాలామందికి తెలుసు. వాళ్లు మొహం చిట్లించే లోపే నాయన, "పైన ఒక జానెడు వేస్తాలేమ్మా" అని చించి ఇచ్చేవాడు. ఆ జానెడూ వాళ్ల గుడ్డలోంచి మిగిల్చిందే.

తిరుపతిలో అద్దాల అంగళ్లు వచ్చాక మా అంగడికి జనం రావడం తగ్గిపోయింది. నాయన పోయాక షట్టరు దించేసి, పాకాల దగ్గర నా భార్యకు వచ్చిన రెండెకరాల్లో గొర్రెలు పెట్టాను. పద్దెనిమిది గొర్రెలు, ఒక పొట్టేలు. గొర్రెల గురించి నాకు తెలిసిందల్లా వాటిని బేరమాడి కొనడమే. అది మాత్రం బ్రహ్మాండంగా చేశాను.

మొదటి వానాకాలంలోనే దొడ్డి బురద గుంట అయింది. గొర్రెలు కుంటడం మొదలుపెట్టాయి. గిట్టల సందుల్లో పుళ్లు, వాసన. పశువుల డాక్టరు వచ్చి చూసి, నేలకు మూడడుగుల ఎత్తున పలకలతో మంచె కట్టమన్నాడు. పెంటికలు, ఉచ్చ సందుల్లోంచి కిందికి పోతాయి, గిట్టలు ఆరుతాయి. "పలకకూ పలకకూ మధ్య మీ చిటికెన వేలు పట్టాలి. అంతకంటే వద్దు" అని నా చిటికెన వేలు పట్టుకుని మరీ చెప్పాడు.

తిరుపతిలో ఒక పాత లాడ్జీ మంచాలు మార్చేశారని, వాటి చెక్కంతా పాత సామాన్ల భాయ్ దగ్గర ఉందని తెలిసి వెళ్లాను. మధ్యాహ్నం కూర్చుంటే చీకటి పడే వేళకు బేరం తెగింది. చివర్లో మేకుల డబ్బా కూడా ఊరికే వేయించుకున్నాను. భాయ్ నుదురు తుడుచుకుంటూ, "ఏం సేటూ, గొర్రెల్ని మేపతానంటివి. మధ్యాన్నించి నన్నే మేస్తా ఉండావే" అన్నాడు. ఆ మాటను వారం రోజులు అందరికీ చెప్పుకుని నవ్వాను.

రాతి కూసాలు పాతి, వాటి మీద దూలాలు వేసి, పలకలు పరిచి చూస్తే పన్నెండు తక్కువ పడ్డాయి. మళ్లీ భాయ్ దగ్గరికి వెళ్లాలి. అవసరం నాదని తెలిశాక ఈసారి ధర చెప్పేది ఆయన, తలవంచి వినేది నేను. అది ఊహించుకోవడానికే నాకు మనసు రాలేదు. పలకలన్నీ మళ్లీ తీసి, ప్రతి సందునూ కాస్త కాస్త లాగాను. చిటికెన వేలు పట్టాల్సిన చోట రెండు వేళ్లు పట్టాయి. చివరి పలక సరిగ్గా గోడకు ఆనింది. అంత చక్కగా కుదిరినందుకు నా వీపు నేనే తట్టుకున్నాను.

పక్క చేని అవ్వ వచ్చి చూసింది. పుట్టినప్పటి నుంచీ జీవాల వెనకే తిరిగిన మనిషి. నన్ను పేరుతో పిలవదు, అంగడాయనా అంటుంది. చేతికర్రను ఒక సందులో పెట్టి ఆడించింది.

"ఏమప్పా అంగడాయనా, మూల మూలకీ కిటికీలు పెట్టినావే. జీవాలకి కింద ఏమన్నా సినిమా ఆడతా ఉండాదా?"

"గాలి ఆడాలవ్వా" అన్నాను.

"ఆడతాది, ఆడతాది" అనుకుంటూ వెళ్లిపోయింది.

పెద్ద గొర్రెలకు ఏమీ కాలేదు. గిట్టల పుళ్లు మానాయి. నాకు ధైర్యం పెరిగింది. తర్వాత ఈతలు మొదలయ్యాయి. నుదుట నల్ల మచ్చ ఉన్న గొర్రె ఒకే పిల్లను వేసింది. బలమైన ఆడపిల్ల. అదే వారం ఇంకో గొర్రె కవలల్ని ఈని, పెద్దదానికి పాలిచ్చి చిన్నదాన్ని తలతో కుమ్మేసింది. ఆ చిన్నదానికి సీసాతో పోత పాలు పట్టించాం. తాగిందంతా పలచగా పారేది. రోజురోజుకూ దాని డొక్కలు లోపలికి పోతున్నాయి.

మచ్చ గొర్రె ఈనిన మూడో రోజు పొద్దున దొడ్డి తలుపు తీస్తే, గొర్రెలన్నీ ఒక మూలకు ఒదిగి ఉన్నాయి. మచ్చ గొర్రె ఒక్కటే నడుమ నిలబడి ఉంది. దాని ముందు పిల్ల బోర్లా పడి ఉంది. వెనక కాలు తొడ దాకా సందులోకి దిగిపోయింది. లాక్కోవడానికి ఎంత గింజుకుందో, ఎముక విరిగి కాలు కింద వేలాడుతోంది. మీద నుంచి ఎన్ని గొర్రెలు తొక్కాయో. పలక ఊడదీసి ఎత్తుకుంటే అరవలేదు. వసారాలో గోనెపట్టా మీద పడుకోబెట్టాను. డాక్టరు వచ్చే లోపు, మధ్యాహ్నానికి పోయింది.

నేను మొదట చేసిన పని అబద్ధం చెప్పడం. "కుక్క ఏదో దూరినట్టుంది" అన్నాను నా భార్యతో. ఆమె దొడ్డిలోకి వెళ్లి, గొంతుకూర్చుని, ఒక సందులో రెండు వేళ్లు పెట్టింది. పక్క సందులో పెట్టింది. దాని పక్కదాంట్లో పెట్టింది. తర్వాత చెయ్యి కడుక్కుని వంటింట్లోకి పోయింది.

సాయంత్రం అవ్వ వచ్చింది. ఆమెకూ కుక్క కథే చెప్పాను. పిల్ల కాలును పట్టి చూసింది.

"కుక్కయితే కండ పీకతాది. ఇది సందు పని. ఎవుర్ని నమ్మించాలని సూస్తా ఉండావు?"

గోనెపట్టా అంచు లాగి పిల్ల కాలు మీద కప్పాను.

ఆమె మచ్చ గొర్రె పొదుగు చూసింది. రాయిలా బిగిసి ఉంది. వసారాలో డొక్కలెగరేస్తున్న కవలపిల్లను చూసింది. "రేపటికి ఇది గూడా పాయ. కత్తి తీస్కో. ఎనుము దూడ సస్తే తోలులో గడ్డి కూరి పక్కన పెడతారే, ఎనుము సేపి పాలిస్తాదే, సూళ్లేదా? ఈడ గడ్డెందుకు, పానమున్న పిల్లే ఉండాదిగా. దీని తోలు దానికి తొడుగు. తల్లి వాసన సూసి తనదే అనుకున్యా అనుకుంటాది."

తోలు నేనే తీశాను. నువ్వు తీయ్ అని అవ్వ కర్ర ఆనించుకుని కూర్చుంది. కత్తి సరిగ్గా ఆడక, ఇంట్లో మిగిలిన అంగడి కత్తెర తెచ్చాను. జీవితమంతా ఆ కత్తెరతో చీటీ, పరికిణీ, చొక్కా గుడ్డలు కోశాను. కాళ్లకు నాలుగు రంధ్రాలు వదిలి కత్తిరించేసరికి నా చేతులు మోచేతుల దాకా జిగటయ్యాయి. కవలపిల్ల బక్కది, తోలు దానికి వదులైంది. పొట్ట కింద నా భార్య గోనెదారంతో రెండు ముళ్లు వేసింది. తనది కాని చర్మం మోస్తూ అది నిలబడలేక నిలబడింది.

పిల్లల తల్లుల్నీ మచ్చ గొర్రెనూ పలకల మీంచి నేల మీదికి దించి, పిల్లను మచ్చ గొర్రె దగ్గరికి తోశాం. అది మూతి చాపి తల వాసన చూసింది. వెనక్కి తగ్గి నేలను గిట్టతో కొట్టింది. తల వంచింది. కుమ్మితే ఈ పిల్ల బతకదు. నేను మొహాలు చదివే కొట్లో పెరిగినవాణ్ణి. కొనే మొహం, కొనని మొహం నాకు దూరం నుంచే తెలిసేవి. గొర్రె మొహంలో నాకేమీ తెలియలేదు. పిల్ల తడబడి తిరిగింది. తోక గొర్రె ముక్కుకు తగిలింది. అక్కడ ఆగింది. మూలిగింది. మళ్లీ తల చూసింది, మళ్లీ తోక చూసింది. పిల్ల పొదుగులోకి దూరింది. గొర్రె కాలు ఎత్తి, దించింది. అట్లాగే నిలబడింది.

"నమ్మిందవ్వా" అన్నాను. నా గొంతులో పాత అంగడి హుషారు నాకే వినబడింది.

"నమ్మిందా, నీ మొగం. దానికి పొదుగు సలపతా ఉండాది. ఎవురో ఒకరు తాగితే సాలు అనుకునింది. నీ తెలివి కాదులే."

మూడో రోజుకు తోలు కుళ్లి దొడ్డంతా కంపు. ఈగలు. రోజుకింత కత్తిరించి తీసేశాను, ముందు మెడ దగ్గర, చివరకు తోక దగ్గర. ఆఖరి ముక్క తీసిన రోజు గొర్రె చాలాసేపు వాసన చూసింది. పిల్ల తాగుతుంటే కదల్లేదు.

ఆ మర్నాడు పలకలన్నీ ఊడదీశాను. ఈసారి సందు సందుకూ చిటికెన వేలు పెట్టి చూసి మేకు కొట్టాను. పలకలు గోడ దాకా రాలేదు. నాలుగడుగుల చోటు ఖాళీగా మిగిలింది. భాయ్ దగ్గరికి వెళ్లి ఆ పన్నెండు పలకలు అడిగాను. ఆయన చెక్కంతా ఎప్పుడో అమ్మేశాడు.

ఆ చోట ఎత్తుగా మట్టి పోసి గట్టిపరిచాను. వాన పడితే ఇప్పటికీ చిత్తడవుతుంది. మిగతా గొర్రెలన్నీ పొడిగా పలకల మీద పడుకుంటాయి. మచ్చ గొర్రె మాత్రం ఎంత తోలినా పలక ఎక్కదు. పిల్లను పక్కన పెట్టుకుని ఆ మట్టిలోనే నిలబడుతుంది. దాని గిట్టలకు మళ్లీ పుళ్లు పడ్డాయి. రోజూ పొద్దున దాని పక్కన కూర్చుని, ఒక్కొక్క కాలూ ఒళ్లో పెట్టుకుని కడుగుతాను.