మా తలుపు మీద ఇంగ్లీషు

మాదాపూర్ దిక్కు అద్దాల ఆఫీసులు లేస్తున్న రోజులవి. నేను ఫిల్మ్‌నగర్‌ల ఒక టైలర్ షాపుల పనిచేస్తుంటి. సినిమాలకు బట్టలు కుట్టే షాపు. పోలీసు డ్రెస్సులు, లాయర్ల నల్లకోట్లు, జడ్జి గౌన్లు మస్తు కుట్టిన గానీ, అవి ఏసుకున్నోళ్లు మాట్లాడే ఇంగ్లీషు ఒక్క ముక్క తెల్వకుండె. ఇంగ్లీషు వస్తే చాలు, ఆఫీసులల్ల రిసెప్షన్‌ల కూసోవెడుతున్నరని విని, జూబ్లీ హిల్స్‌ల ఒక మేడమ్ దగ్గర స్పోకెన్ ఇంగ్లీషుకు చేరిన.

మేడమ్ కోస్తా దిక్కు కాలేజీల పాఠాలు చెప్పి రిటైరైంది. ఇంటి ముందర రేకుల షెడ్డు ఏసి అందులనే క్లాసు నడిపేది. మొదటి రోజే ఆమెకు నాతోని పడలే. మీ షాపు సంగతి చెప్పమంటే, ఒక డైరెక్టర్ సార్ వచ్చిండు అని మొదలువెట్టిన. ఆమె చాక్‌పీసు పక్కకు పెట్టింది. "వచ్చిండు కాదమ్మా, వచ్చాడు. ముందు తెలుగు సరిగ్గా రానీ, ఇంగ్లీషు సంగతి తర్వాత చూద్దాం" అన్నది. అందరు నవ్విండ్రు. ఆ దినం నుంచి ఆమె ముందర కావాలని ఇంకింత గట్టిగ వచ్చిండు, పోయిండు అనేదాన్ని.

వారానికి ఒక సంగతి తీసుకొని దాని మాటలన్నీ బోర్డు మీద రాసేది. వంటింటి మాటలు అయినయ్, ఆసుపత్రి మాటలు అయినయ్. తర్వాత ప్రభుత్వం, న్యాయం. జడ్జ్, విట్‌నెస్, ఎవిడెన్స్, బెయిల్. ఆమె ఒకసారి అంటే మేమంత గొంతు కలిపి అనాలె.

గదే వారం మండలాఫీసోళ్లు మా తలుపుకు నోటీసు అంటించిండ్రు.

మా ఇల్లు షేక్‌పేట పాత ఊరి అంచుల, గుట్ట వాలు మీద ఉండె. రెండే అర్రలు. మా నాయిన కట్టిండు. ఆయన పోయినంక అమ్మ, నేనే ఉంటున్నం. మా వెనుక జాగను ఒక బిల్డర్ కొన్నడు. ఆయన కార్లకు తొవ్వ కావాలె, మా ఇల్లు అడ్డం. అమ్మి పొమ్మని రెండుసార్లు మనిషిని పంపిండు. అమ్మ వాకిట్లకెళ్లే తోలేసింది. దాని తర్వాతనే ఈ నోటీసు. మొత్తం ఇంగ్లీషే.

క్లాసైనంక మెల్లగ అడుగుదామని పట్టుకపోయిన. మేడమ్ నా చేతిల కాయితం చూసి ముందే అందుకున్నది. నిలబడే చదివి, బోర్డు మీద ఎన్‌క్రోచర్ అని పెద్దగ రాసింది.

"ప్రభుత్వ స్థలాన్ని ఆక్రమించినవాళ్లు అని అర్థం. చూశారా, ఉదాహరణ మన క్లాసులోనే ఉంది" అని నా దిక్కు చెయ్యి చూపింది. "షీ ఈజ్ యాన్ ఎన్‌క్రోచర్. రిపీట్."

అందరు రిపీట్ చేసిండ్రు. నా పక్క పిల్ల, రోజూ నాతోని కలిసి ఛాయ్ తాగే పిల్ల, అది గూడ అన్నది.

నాకు ఏడుపు రాలే. ఒళ్లు మండింది. లేచి నిలబడ్డ.

"మేడమ్, ఈ షెడ్డు సగం ఫుట్‌పాత్ మీదనే ఉన్నది. మిమ్మల్ని గూడ గదే మాట అనొచ్చా?"

ఆమె మొఖం ఎర్రగైంది. కాయితం నా మీదికి ఇసిరి, రేపట్నుంచి రావద్దన్నది. రానన్న.

మిగిలిన మాటలు నేనే నేర్చుకున్న. టోలిచౌకిల పాత పుస్తకాల బండి మీద ఒక డిక్షనరీ దొరికింది, అట్ట లేదు. గుడ్డల మీద గీతలు గీసే సుద్దతోని షాపుల మిషన్ పక్క గోడ మీద రాసుకుంటుంటి. ఎవిక్షన్ అంటే ఖాళీ చేయించుడు. ఆక్యుపెంట్ అంటే అందుల ఉంటున్న మనిషి. హియరింగ్ అన్నకాడ వినికిడి అని ఉండె. చెవుల డాక్టర్ దగ్గరికి పొమ్మన్నరా ఏంది అనుకున్న. కింద ఇంకో అర్థం చూస్తే సమజైంది, మా మాట వినేతందుకు ఒక రోజు పెట్టిండ్రని. ఒక్కొక్క మాట నేర్చుకుంటుంటే మేడమ్ మొఖమే కండ్ల ముందట ఉండేది. ఆ కోపం లేకుంటే నాలుగు మాటలకే పక్కన పడేస్తుంటినేమో.

హియరింగ్ రోజు అమ్మ, నేను ఇంటి పన్ను రసీదులు, కరెంటు బిల్లులు, నాయిన పేరు మీది రేషన్ కార్డు పట్టుకొని మండలాఫీసుకు పోయినం. బిల్డర్ లాయర్‌తోని అప్పటికే కుర్చీల కూసున్నడు. మమ్ముల నిలబెట్టి, ఆఫీసరు వాళ్లతోనే ఇంగ్లీషుల మాట్లాడుతుండు. సగం నాకు అందలే. "సైట్ ఈజ్ వేకెంట్" అని లాయర్ అన్నది మాత్రం అందింది. అమ్మను, నన్ను ఎదురుంగ పెట్టుకొని, ఆ జాగ ఖాళీగ ఉన్నదంటుండు.

"నాట్ వేకెంట్ సార్" అన్న. "వి ఆర్ ఆక్యుపెంట్స్. ఎవిడెన్స్ ఈజ్ హియర్."

ఆఫీసరు మొదటిసారి మా దిక్కు చూసిండు. బిల్డర్ కుర్చీల వెనక్కి తిరిగి, నిన్ను ఎవరు నేర్పి పంపించారమ్మా అని అడిగిండు. వేకెంట్ అన్నరని రాసుకోండ్రి, అది అబద్ధమని గూడ రాసుకోండ్రి అని ఆఫీసరుకు చెప్పిన. అరవొద్దని ఆయన కసిరిండు. గానీ కాయితాలు తీసుకున్నడు. తీసుకున్నట్టు ముద్ర ఏసి ఇచ్చేదాక నేను బల్ల దగ్గర్నుంచి కదలలే.

తర్వాత కొలతలు తీసేటోళ్లు వచ్చిపోయిండ్రు. మూడు నెలలకు ఆర్డరు వచ్చింది. ఈసారి ఎవ్వరి దగ్గరికి పట్టుకపోలే. గడప మీద కూసొని ఒక్కొక్క లైను అమ్మకు తెలుగుల చెప్పిన. హద్దు కొలత దాటిన ముందటి అరుగు తీసెయ్యాలె, ఇంటి మీద ప్రస్తుతానికి చర్య లేదు అని ఉండె.

"ప్రస్తుతానికి అంటే?" అమ్మ అడిగింది.

"మళ్లొస్తరని."

"రానీ" అన్నది.

వారంల ఆఫీసోళ్లు గడ్డపారలతోని వచ్చి అరుగు పగలగొట్టిండ్రు. నాయిన చేతులతోని కట్టిన అరుగు. బిల్డర్ కక్షతోని మా కిటికీకి ఆనించి గోడ లేపిండు. పగలు గూడ అర్రల లైటు ఏసుకోవలసి వచ్చింది. ఆ గోడ కట్టినన్ని రోజులు అమ్మ వాకిట్ల నిలబడి మేస్త్రీలు వినేటట్టు తిట్టింది. నేను ఆపలే.

గోడ పని అయిపోయినంక ఒక ఆదివారం, గుట్ట కింద పడున్న నున్నటి బండను మేమిద్దరం దొర్లించుకొచ్చి, అరుగు పోయినకాడనే ఏసినం. ఆర్డరుల రాసిన కొలతకు జానెడు బయటికే ఉన్నది. తెలిసే ఏసినం. అమ్మ దాని మీద కూసొని బియ్యం ఏరింది.