లోపలి టైరు

మా బావకు లారీ పని నేర్పిన పెద్దాయనను యార్డులో అందరూ స్టెప్నీ అంటారు, అంటే బండికి ఉండే అదనపు టైరు. ఏ డ్రైవరైనా పనికి రాకపోతేనే ఆయనను పిలుస్తారు. లేకపోతే గేటు పక్కన బల్ల మీద పడి ఉంటాడు. పేరు పెట్టినవాడికి జాలి లేదు గానీ, పెట్టడం మాత్రం సరిగ్గానే పెట్టాడు.

బావ అంటే మా అక్క మొగుడు. ఆయన వయసంతా బట్టల మిల్లులో, మరమగ్గాల మధ్య కరిగిపోయింది. మిల్లు మూసేశాక, నలభై దాటిన మనిషిని కొత్తగా ఎవరు పెట్టుకుంటారు? ఎక్కని గుమ్మం లేదు. చివరికి ఈ లారీ కంపెనీ పెట్టుకుంది. ఏడాది చూస్తాం, బండికి దెబ్బ తగలకుండా నడిపితే పర్మనెంటు అన్నారు. అక్క ఆ ఒక్క మాట పట్టుకుని ఏడాదంతా బతికింది.

కంపెనీకి తెలియని సంగతి ఒకటుంది. మిల్లు ఆయన చెవుల్ని తినేసింది. మిల్లు కాలనీలో దాన్ని ఎవరూ రోగం అనుకోరు. అక్కడ మొగుడూ పెళ్ళాలు ముద్దుగా మాట్లాడుకున్నా, కొత్తగా వచ్చినవాళ్ళు కొట్టుకుంటున్నారనుకుని పరిగెత్తుకొస్తారు. లైసెన్సు ఇచ్చేచోట బావ కళ్ళు చూశారు, బండి నడిపించి చూశారు. చెవుల గురించి అడగలేదు. అడగనిది ఈయన చెప్పలేదు.

"చెప్పేస్తే పోయేది కదా?" అన్నాను నేను ఒకసారి.

"చెప్పేస్తే నన్ను నువ్వు పోషిస్తావా?" అంది అక్క, బావకు బదులు. బావ నవ్వాడు. మాట విని నవ్వాడో, ఆవిడ మొహం చూసి నవ్వాడో తెలియదు.

యార్డులో ఆయనకు మగ్గం అని పేరు పడింది. మొదట్లో పాపం చాలా అవస్థ పడ్డాడు. నిండు లోడుతో ఉన్న లారీ బ్రేకు తొక్కిన చోట ఆగదని, దాని ఇష్టం వచ్చిన చోట ఆగుతుందని నేర్చుకున్నాడు. మలుపులో వెనక చక్రాలు ముందు చక్రాల దారిన రావని, లోపలికి కోసుకుంటూ వస్తాయని నేర్చుకున్నాడు. బయలుదేరిన కాసేపటికి లోడు సర్దుకుని తాళ్ళు వదులవుతాయి కాబట్టి ఊరు దాటగానే దిగి మళ్ళీ బిగించాలని కూడా. కిటికీ వైపు చెయ్యి ఎండకు మాడి నల్లబడింది. రెండో చెయ్యి మిల్లు నాటి రంగులోనే ఉండిపోయింది. "ఆ చెయ్యి ఎవరి దగ్గర్నుంచి తెచ్చావు?" అని అక్క ఆటపట్టించేది.

దారి మర్యాదలు కూడా స్టెప్నీయే నేర్పాడు.

"వెనకవాడు లైట్లు కొట్టాడంటే దారి అడుగుతున్నాడని. ఇచ్చెయ్. నీ తాత సొమ్మేం పోదు. ఇంక కార్లవాళ్ళున్నారే, పక్కకొచ్చి అద్దం దించి మరీ తిడతారు. తిట్టనీ. నవ్వి ఓ దణ్ణం పెట్టు. నువ్వూ తిట్టావనుకో, వాడు ముందుకెళ్ళి బ్రేకేస్తాడు. అప్పుడు చచ్చేది వాడు, జైలుకెళ్ళేది నువ్వు."

బావ ఇవన్నీ పాఠాల్లా వల్లె వేసుకున్నాడు. ఒక్క టైర్ల దగ్గరే చిక్కొచ్చింది. లారీకి వెనక టైర్లు జంటలుగా ఉంటాయి. లోపలిది కంటికి ఆనదు. దానిలో గాలి పోయినా దాని బరువు కూడా బయటిదే మోస్తుంటుంది, మోయగలిగినంత వరకు. అందుకని బయలుదేరే ముందు ప్రతి డ్రైవరూ ఇనుప కడ్డీతో టైర్లన్నిటినీ కొట్టి వింటాడు. గాలి నిండుగా ఉంటే ఖంగుమంటుంది. లేకపోతే దబ్బుమంటుంది. బావ కూడా కొట్టేవాడు, చెవి ఒగ్గేవాడు, తల ఊపేవాడు.

ఒకరోజు స్టెప్నీ కావాలనే మెత్తబడ్డ టైరు దగ్గరికి తీసుకెళ్ళి కొట్టించాడు.

"ఎలా ఉంది?"

"బాగుందన్నా."

స్టెప్నీ ఆయన మొహంలోకి చూశాడు. "ఎప్పట్నుంచిరా మగ్గం, ఈ చెవుడు?"

బావ కడ్డీ దించాడు. "మిల్లులో ఉన్నప్పట్నుంచే."

"నా నోటి నుంచి బయటికి రాదులే. కానీ ఆ కడ్డీతో డోలు వాయించడం మానెయ్. దారిలో ఆగినప్పుడల్లా లోపలికి చెయ్యి పోనిచ్చి టైరు పట్టుకుని చూడు. గాలి తగ్గిన టైరు వేడెక్కుతుంది. మిగతావాటి కంటే అది కాలుతుందంటే అర్థమైనట్టే."

అప్పటి నుంచి బావకు అరచెయ్యే చెవి. అలా రెండుమూడు సార్లు మెత్తబడ్డ టైరు పట్టుకున్నాడు కూడా. ఇంట్లో గోడ మీద, కుక్కరు మీద, దేని మీద పడితే దాని మీద చెయ్యి వేసి చూసేవాడు. ఒకసారి అక్క నుదుటి మీద వేశాడు. "నాకు గాలి బాగానే ఉంది, పో" అంది అక్క. ఆ ఏడాదిలో ఆ ఇంట్లో అంత గట్టిగా నవ్విన రోజు ఇంకొకటి నాకు గుర్తు లేదు.

ఏడాది నిండబోతోంది. నేలకు పరిచే పింగాణీ పలకల లోడుతో బయలుదేరాడు. పొద్దున్నుంచి ఒకటే వాన. సగం దారిలో ఆపి, తడుస్తూనే దిగి ప్రతి టైరునూ పట్టుకుని చూశాడు. అన్నీ చల్లగా ఉన్నాయి. సంతృప్తిగా ఎక్కి కూర్చున్నాడు. తడి రోడ్డు ఎంత మెత్తబడ్డ టైరునైనా చల్లార్చేస్తుందని, వానలో అరచెయ్యి పనికిరాదని స్టెప్నీ చెప్పలేదు. ఆయనకు చెవులున్నాయి. ఆ అవసరం ఎప్పుడూ పడి ఉండదు.

కాసేపటికి వెనక ఒక కారు లైట్లు కొట్టింది. బావ పక్కకు జరిగి, వెళ్ళమని చెయ్యి ఊపాడు. అది వెళ్ళలేదు. మళ్ళీ కొట్టింది. ఇంకొంచెం జరిగాడు. కారు పక్కకొచ్చింది. వానలో అద్దం దించి ఒకాయన చెయ్యి బయటికి చాపి అరుస్తున్నాడు. బావ నవ్వి దణ్ణం పెట్టాడు.

"ఇంత వానలో తడుస్తూ తిడుతున్నాడంటే పాపం ఎంత కోపమొచ్చిందో అనుకున్నాన్రా" అని తర్వాత నాతో అన్నాడు.

లోపలి టైరు అప్పటికే చీలికలై ఎగురుతోంది. కారాయన దాన్ని చూసి, హారను నొక్కిన చెయ్యి తియ్యకుండా వెంటపడ్డాడు. కొంత దూరం పోయాక బయటి టైరు పేలింది. లారీ ఒరిగి, జారి, పక్క గోతిలో పడింది. పలకల్లో సగానికి సగం ముక్కలయ్యాయి. బావకు మోచెయ్యి దోక్కుపోయింది, అంతే.

మర్నాడు మేనేజరు పిలిస్తే నన్నూ వెంట తీసుకెళ్ళాడు. కారాయన అప్పటికే అంతా చెప్పి ఉన్నాడు.

"టైరు, టైరు అని ఆయన గొంతు చించుకుంటుంటే నవ్వావట?" మేనేజరు గట్టిగానే అడిగాడు.

"నవ్వానండి."

"దణ్ణం కూడా పెట్టావట?"

"పెట్టానండి."

"ఒళ్ళు కొవ్వెక్కా?"

స్టెప్నీ గుమ్మంలోకి వచ్చి ఏదో చెప్పబోయాడు. బావ ఆయన వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. చెవుడని చెబితే లైసెన్సే పోతుంది, ఏ లారీ అయినా మళ్ళీ ఎక్కేది ఉండదు. కొవ్వెక్కిందంటే ఎక్కడో ఒకచోట ఎవడో ఒకడు పెట్టుకుంటాడని ఆయన లెక్క.

"అశ్రద్ధండి" అన్నాడు. "తప్పు నాదే."

ఆ పూటే తీసేశారు. ఆయన బదులు స్టెప్నీని వేరే బండి ఎక్కించారు. ఆ తర్వాత పెద్దాయన మాకు మొహం చూపించలేదు.

బావ లెక్క తప్పింది. నవ్విన డ్రైవరు కథ ఆయన కంటే ముందే ప్రతి యార్డుకూ చేరిపోయింది. "నువ్వేనా ఆ దణ్ణాల డ్రైవరువి?" అని నవ్వి పంపించేశారు. లైసెన్సు ఒక మరక లేకుండా బీరువాలో ఉంది.

ఇప్పుడు ఆయన అదే యార్డులో రోజుకూలీగా మూటలు దించుతున్నాడు. బండి వచ్చి ఆగీ ఆగక ముందే వెనక చక్రాల మధ్యకు వంగి, లోపలి టైరు మీద అరచెయ్యి వేసి చూస్తాడు. ఎవరూ చూడమనలేదు. మొన్న నేను వెళ్ళేసరికి ఒక లారీ గోడ వైపు వెనక్కి వస్తోంది. డ్రైవరు హారను కొడుతున్నాడు. "మగ్గం, తప్పుకోరా!" అని మూటలవాళ్ళు అరుస్తున్నారు. ఆయన ఇంకో బండి కిందికి వంగి, వచ్చే లారీకి వీపు పెట్టి ఉన్నాడు. పరిగెత్తి చొక్కా పట్టుకుని లాగాను.

"ఇది కొంచెం కాలుతోందిరా" అన్నాడు, తడుముతున్న టైరు చూపించి. "వాడికి చెప్పాలి."

అక్కకు చెప్పలేదు. చెప్పినా ఏం చేస్తుంది, ఆ పని కూడా మానెయ్యమంటుందా? రేపు చొక్కా పట్టుకుని లాగడానికి నేను అక్కడ ఉండను.