ఆ కారుకు పడే ఆయిల్

మావారి అస్థికలతో, ఆయన ఇష్టంగా తోలిన టర్బో కారులో గుడివాడ నుంచి హంసలదీవి బయల్దేరాం. మొవ్వ దాటాక ఆయిల్ లైటు ఎర్రగా వెలిగింది. కారు తోలుతున్న మరిది వెంటనే ఇంజిన్ ఆపేశాడు. మావారు గడువుకు ముందే ఆయిల్ మార్పించేవారు. ఆయన జబ్బుపడ్డాక ఎవరూ పట్టించుకోలేదు.

పక్క పొలంలోని రైతు ట్రాక్టర్ ఆయిల్ డబ్బా తెచ్చారు.

“ఇది పోసెయ్యండి. మా బళ్లన్నిటికీ ఇదే.”

“వద్దండీ. ఈ ఇంజిన్ బాగా వేగంగా తిరుగుద్ది. పల్చటి సింథటిక్ ఆయిల్ తప్ప మావారు పోయనిచ్చేవారు కాదు.”

“ఆయనేరమ్మా?”

ఒడిలోని కుండ చూపించాను.

రైతు డబ్బా మూత బిగించారు. “అయితే ఆయన చెప్పిందే తెద్దాం. ఎక్కవయ్యా,” అంటూ మరిదిని తన మోటార్‌సైకిల్ మీద బందరు తీసుకెళ్లారు.

వాళ్లు తెచ్చిన ఆయిల్ పోసుకుని వెళ్లి, పొద్దుగూకేలోగా సాగరసంగమంలో అస్థికలు కలిపాం. ఆ రోజుల్లో నన్ను చాలామంది ఓదార్చారు. మావారి మాటను ఇంకా చెల్లే మాటగా విన్నది మాత్రం ఆ రైతే.