అవ్వ ముందు పీల్చిన మందు

మా మనవరాలు పీల్చే మందు డబ్బాకు ఒక వాసన ఉంది. గట్టి వాసనేం కాదు. చల్లగా, కాస్త చేదుగా, కొత్త ప్లాస్టిక్ చెంబు మూతి దగ్గర పెట్టుకున్నట్టు ఉంటుంది. పిల్ల ఒకసారి నొక్కి, లోపలికి పీల్చి, డబ్బాను సోఫా మీద పడేసి మళ్లీ ఆటకు ఉరుకుతుంది. దానికి మూత పెట్టే నెపంతో నేను వాసన చూస్తాను. ముసలిదానికి చాదస్తమని ఇంట్లో వాళ్లు నవ్వుకుంటారు, నవ్వుకోనీ. ఆ వాసన వెంటే ఇంకో వాసన ముక్కుకు తగులుతుంది: నిప్పుల మీద మాడే ఉమ్మెత్తాకు పొగ.

మెట్‌పల్లిలో మాది సాలెవాడ. తెల్లవారగానే వీధి పొడుగునా పడుగు నూలు సాచి గంజి పట్టేవాళ్లు. ఇంట్లో సగం మగ్గానిది, మిగిలిన జాగా మాది. బాపు మగ్గం గుంటలో కాళ్లు పెట్టి నేస్తుంటే, అవ్వ (అమ్మను మేం అలాగే పిలిచేవాళ్లం) గడప దగ్గర రాట్నం ముందు కూర్చుని నూలు కండెలు చుట్టేది. దూది నూగు ఎండపొడలో తేలుతూ వచ్చి మా జుట్టు మీద, అటుకుల మీద, ఉట్టి మీది పెరుగు మీద కూడా వాలేది. ఆ నూగు పీలుస్తూనే మా అన్నలు గుండ్రాళ్లలా పెరిగారు. నాకు మాత్రం ఉబ్బసం పట్టుకుంది. మా దిక్కు దాన్ని దమ్ము అంటారు.

వానలు వెనకపట్టి, చెలకల్లో గునుగు తెల్లగా పూసి, తంగేడు పచ్చబడే రోజులు వాడలోని ఆడపిల్లలందరికీ పండుగ, నాకు గండం. గంపలకొద్దీ పూలు ఇళ్లలోకి దిగుతాయి, గునుగు కొసలు రంగునీళ్లలో ముంచి అరుగుల మీద ఆరబెడతారు, ఆ పుప్పొడి గాలికి నా ఎదలో పిల్లి కూతలు మొదలవుతాయి. సాయంత్రం కొత్త గౌన్లు, లంగాలు వేసుకుని అందరూ బతుకమ్మ చుట్టూ చప్పట్లు కొడుతూ తిరుగుతుంటే, నేను అరుగు మీద మోకాళ్లు ముడుచుకుని కళ్లతో తిరిగేదాన్ని. వాళ్లు పెరుగు సద్ది, నువ్వుల సద్ది, మలీద ముద్దలు పంచుకుంటే, చలవ పడదని నా చేతిలో వేడి జొన్నరొట్టె, వెల్లుల్లి కారం. దేవుణ్ణి నేనేమీ పెద్ద కోరికలు కోరలేదు. ఒక్క సాయంత్రం ఆగకుండా ఆడేంత ఊపిరి ఇస్తే చాలనుకున్నాను.

మా ఇంట్లో ఒక రివాజు ఉండేది. పిల్లల నోట్లోకి కొత్తది ఏది పోవాలన్నా ముందు అవ్వ నోట్లోకి పోవాలి. చెట్ల మందు, కషాయం, చివరికి ఎవరో తెచ్చిన పేరు తెలియని పండైనా సరే, తాను తిని, పొద్దుగూకేదాకా తనకేమీ కాలేదని చూసుకుని, అప్పుడు మాకు పెట్టేది.

ఆ ఏడు పండుగకు కొద్దిరోజుల ముందు, గుంటూరు వైపు నుంచి బదిలీ మీద వచ్చిన డాక్టరమ్మ దమ్ము పిల్లలందరినీ దవాఖానకు తీసుకురమ్మని కబురు పెట్టింది. ఆమె దగ్గర గాజు గొట్టం ఒకటి ఉంది. దాని చివర రబ్బరు బుడ్డి పిసికితే మందు మంచులా బయటికి వస్తుంది. పక్కనే నీళ్ల సీసా. పిల్లలు దాంట్లోకి ఊదితే నీళ్లు ఎంత కదిలాయో చూసి గీత గీస్తుంది. మందు పీల్చాక మళ్లీ ఊదిస్తుంది. "ఇది పిల్లలకు ఎంతవరకు పనిచేస్తుందో చూడాలి. గుండె దడగా ఉండొచ్చు. ఇష్టం లేనివాళ్లు వెళ్లిపోవచ్చమ్మా" అని అందరికీ విప్పి చెప్పింది.

తల్లులు మొహాలు చూసుకున్నారు. అవ్వ కొంగు బిగించి ముందుకు పోయింది.

"జర ముందుగాల నాకు కొట్టు తల్లీ."

"నీకు ఉబ్బసం లేదు కదమ్మా!"

"దమ్ము లేకుంటేంది, పాణమైతే ఉన్నది గదా."

వద్దంటే కదిలేట్టు లేదని డాక్టరమ్మ నవ్వి రబ్బరు బుడ్డి ఒకసారి పిసికింది. అవ్వ చేతులు వణికాయి, స్తంభం పట్టుకుని కాసేపు నిలబడింది. "గుండె దడదడ అన్నది గని ఏం గాలే. నా బిడ్డకు ఇయ్యి" అన్నది. "ఇప్పుడు కాదు. వచ్చే సంత రోజు, ఏ మందూ పెట్టకుండా తీసుకురా" అని డాక్టరమ్మ పంపించింది.

సంత రోజు పొద్దున నాకు బాగా ఎగపోసింది. నేను గిలగిలలాడుతుంటే చూడలేక అవ్వ పెంక మీద నిప్పులు వేసి, ఉమ్మెత్తాకు పొగ పెట్టి, చెద్దరు కప్పి, ఊపిరి ఆడాక ఎత్తుకుపోయింది. పొగ మందెట్లా అవుతుందని ఆమె లెక్క. నేను గట్టిగా ఊదాను. మందు పీల్చాక ఊదినా నీళ్లు అక్కడికే వచ్చాయి. డాక్టరమ్మ గీతల్ని చూసి, నా జుట్టు వాసన చూసింది.

"పొగ పెట్టావా?"

"పెట్టిన తల్లీ. సూడలేకపోయిన."

"పొగతో ముందే ఊపిరి ఆడితే, మందు పనిచేసిందో లేదో నాకెలా తెలుస్తుంది? తెలియకుండా చిన్నపిల్లకు ఇవ్వలేనమ్మా. ఇంకొక్కసారి చూస్తాను."

ఆ ఇంకొక్కసారి గుర్తొస్తే నాకు దమ్ము కన్నా అవ్వ మొహమే ముందు కనబడుతుంది. దవాఖాన వరండాలో నేను భుజాలు ఎగరేసి గాలి కోసం కొట్టుకుంటున్నాను, నా వంతు రాలేదు. అవ్వ తన రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీదే కూర్చుంది. "ఓర్చుకో బిడ్డా, గింత ఓర్చుకో" అంటూ నాతో పాటు తానూ ఎగపోస్తున్నది. నొప్పి లేని మనిషి అంత నొప్పి పడటం నేను మళ్లీ చూడలేదు.

నా వంతు వచ్చి ఊదితే నీళ్లు కదిలీ కదలనట్టు ఆగిపోయాయి. మందు పీల్చాను, గుండె దడదడలాడింది, వేళ్లు వణికాయి, ఆ తరువాత ఎదలో ఏదో ముడి విడిపోయింది. మళ్లీ ఊదాను. నీళ్లు బుడబుడమంటూ మొదటి గీత దాటి పైకి పోయాయి. డాక్టరమ్మ గీత గీయడం మరిచి నవ్వింది. అవ్వ చేతులు బయటికి తీసి నన్ను గుండెకు హత్తుకుని బోరున ఏడ్చింది.

సద్దుల బతుకమ్మ నాడు దవాఖానలో మందు పీల్చి వచ్చి వీధిలో ఆడాను. చీకటి పడేదాకా తిరిగాను, ఎంగిలి చేతులతోనే మలీద ముద్ద తిన్నాను. మరుసటి ఏడు డాక్టరమ్మకు బదిలీ అయింది, ఆమె వెంటే ఆ గాజు గొట్టమూ పోయింది. మళ్లీ ఉమ్మెత్తాకు, పెంక, చెద్దరు. కాని ఆ సాయంత్రం నా నుంచి ఎవరూ తీసుకోలేదు.

ఇప్పుడు మా వాడలో గంజి వాసన లేదు, రాట్నం చప్పుడు లేదు, పడుగులు సాచిన చోట బండ్లు ఆపుకుంటున్నారు. దమ్ము వస్తే మా మనవరాలు మందును వెతుక్కుంటుంది, మనిషిని కాదు. అదే మంచిది, ఏ తల్లికీ ఆ వరండా వద్దు. నాకూ ఈ వయసులో దమ్ము మళ్లీ తిరగబెట్టింది, నా తలగడ పక్కన కూడా ఒక డబ్బా ఉంది, చక్కగా పనిచేస్తుంది. అయినా ఊపిరి బిగుసుకోగానే, చెయ్యి డబ్బా దగ్గరికి పోయేలోపే, నా నోరు "అవ్వా" అంటుంది. ఈ ఇంట్లో ఆ పిలుపు ఎవరి కోసమో ఎవరికీ తెలియదు.