నా సంతకం లేని అమ్మకాలు

మా ఇంటికి వచ్చిన ఉత్తరాన్ని చదవకుండా పక్కన పెట్టే అలవాటు మాకు లేదు. అటువంటిది, నా పేరు మీద వచ్చిన ఉత్తరాలు వందలకొద్దీ ఏడాదికి పైగా విప్పకుండా పడి ఉన్నాయని గోదావరిఖని బస్టాండు దగ్గర ఒక ఇంటర్నెట్ సెంటరులో కూర్చుని తెలుసుకున్నాను. తెలంగాణ రావడానికి ఇంకా ఆరేడేళ్లున్న రోజులవి.

మాది ఒకప్పుడు మూడు ఊళ్ల మీద పెత్తనం చేసిన ఇల్లు. నేను బొగ్గు కంపెనీ స్టోర్సులో గుమస్తాను. నా వాటాకు మిగిలిన నాలుగెకరాలూ ఓపెన్‌కాస్ట్ గని కిందికి పోయాయి. ఆ పరిహారంతో కారు కొనమని చుట్టాలు చెప్పారు. నేను పెద్ద కంపెనీల షేర్లు కొన్నాను. అమ్ముకోవడానికి కాదు. భూమికి బదులుగా అవి ఉంటాయని, నా తర్వాత నా కూతురికి అందుతాయని. మా తాత అమ్మాడు, మా నాన్న అమ్మాడు. నా చేతి మీదుగా ఏదీ అమ్ముడుపోకూడదని నిశ్చయించుకున్నాను.

చౌరస్తాలో మెట్లెక్కి పోతే, ఒక పెద్ద బ్రోకరు కంపెనీకి ఏజెంటుగా నడిచే షేర్ల ఆఫీసు ఉండేది. రెండు కంప్యూటర్లు, గోడకు ఒక టీవీ. నడిపే మనిషికి ముప్పై దాటి ఉంటాయి. రిటైరైన కార్మికుడి కొడుకు, మాటకారి. రాత్రి డ్యూటీ దిగినవాళ్లు, కళ్ల చుట్టూ కాటుకలాంటి బొగ్గు గీత ఇంకా పోకుండానే, మార్కెట్ తెరిచే వేళకు వచ్చి బెంచీల మీద కూర్చునేవారు. కౌంటరు మీద ఒక పొడుగు నోటుబుక్కు. అందులో అందరి పాస్‌వర్డులూ రాసి ఉండేవి.

వాళ్లు ఎందుకిచ్చారో నాకు తెలుసు. గనిలోకి దిగే ముందు ల్యాంపు రూములో ఇత్తడి బిళ్ల ఇచ్చి దీపం తీసుకుంటారు, పైకి వచ్చాక దీపం ఇచ్చి బిళ్ల తీసుకుంటారు. మనిషి లోపల ఉన్నాడనడానికి ఆ బిళ్లే గుర్తు. దాన్నే కౌంటరులో వదిలి పోయేవాళ్లకు పాస్‌వర్డు ఇవ్వడం తప్పని ఎట్లా తోస్తుంది? నాకు ఆ సాకు కూడా లేదు. కీబోర్డు మీద ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ నలుగురిలో కూర్చోవడం నాకు నచ్చలేదు. మా ఇంట్లో రాతకోతలకు మనుషులుండేవారు. "రాసుకో" అని ఆ ఆఫీసు మనిషికి నిలబడే పాస్‌వర్డు చెప్పాను. నాకు ఈ-మెయిల్ తెరిచింది కూడా అతనే. దాని వివరాలు రాసిన చీటీ నా డైరీలో పెట్టుకుని మరిచిపోయాను.

మరుసటి ఏడు ఒక కంపెనీ డివిడెండు నా బ్యాంకు పుస్తకంలో పడలేదు. అడిగితే "అస్తది సార్, ఫికర్ చెయ్యకున్రి" అన్నాడు. రెండు నెలలు చూశాను. తర్వాత ఆ చీటీ వెతికి తీసుకుని ఇంటర్నెట్ సెంటరుకు పోయాను.

ఈ-మెయిల్ తెరిస్తే, విప్పని ప్రతి ఉత్తరమూ ఒక లావాదేవీ చీటీ. మొదటిది నేను కొన్న నెలలోపే. అమ్మకం, కొనుగోలు, మళ్లీ అమ్మకం. నేను పేరు కూడా వినని కంపెనీలు. మా అమ్మ దశదిన కర్మ నాడు నేను గోదావరి ఒడ్డున ఉన్నాను. ఆ చీటీల ప్రకారం అదే పొద్దున నేను మూడుసార్లు కొని మూడుసార్లు అమ్మాను. నేను కొన్నవాటిలో ఒక్కటీ మిగల్లేదు. వాటి స్థానంలో ఉన్నవి కిలో లెక్కన అమ్మినా కొనేవాడు లేడు.

మరునాడు పొద్దున్నే మెట్లెక్కాను.

"ఎవరినడిగి అమ్మినవు?"

"అడుగుకుంట కూసుంటే రేటు పోతది సార్. మీ మంచికే చేసిన."

"అమ్మినా నీకు కమీషను, కొన్నా నీకు కమీషను. ఇందులో నా మంచి ఎక్కడున్నది?"

"అందరికి గట్లనే చేస్త. ఇంతవరకు ఎవ్వలు అడగలే." బెంచీల వైపు చూసి నవ్వాడు. "భూములున్నోళ్లకు షేర్లు గూడ భూమి లెక్కనే కనవడ్తయి. పట్టుకొనే కూసుంటరు."

బెంచీల మీదివాళ్లూ నవ్వారు. అందరం కలిసి ఫిర్యాదు పెడదామన్నాను. "మనోడే గద, ఏం లొల్లి" అన్నారు. వాళ్ల షేర్లూ అట్లాగే పోతున్నాయని చెబితే టీవీ వైపు తిరిగారు. ఒక్క మనిషి మాత్రం నా వెంట మెట్లు దిగాడు. నా ఈడువాడే, గనిలో బొగ్గు కొట్టే కోల్‌కట్టర్. అతని తండ్రి మా ఇంట్లో పాలేరుగా జీతమున్నాడు.

"నాయి గూడ వోయినయి దొరా," అన్నాడు. "మీ తాత తెల్ల కాయితాల మీద మావోళ్ల వేలిముద్రలు ఏపిచ్చుకుండె. నువ్వు నిలవడి పాస్‌వర్డ్ చెప్పచ్చినవు."

అందులో అబద్ధమేమీ లేదు.

ఇద్దరం ఇంటర్నెట్ సెంటరుకే పోయాం. ఆ బ్రోకరు కంపెనీ వెబ్‌సైటులో ఫిర్యాదు ఫారం ఉంది. పేరు, ఖాతా నంబరు నింపాను. తర్వాత ఒక ప్రశ్న: మీ పాస్‌వర్డును ఎవరికైనా తెలియజేశారా? కింద రెండు గడులు, అవును, లేదు. ఎందుకు చెప్పారో, ఎవరు రాయించుకున్నారో రాయడానికి అర అంగుళం జాగా లేదు.

"లేదు అని కొట్టు," అన్నాడు పక్కనుంచి.

"నోటుబుక్కులో ఉన్నది కదా."

"అది గీపాటికి పొయ్యిలకు వోయుంటది. ఎవలు చూడచ్చిన్రు?"

"చెప్పింది చెప్పలేదనుడు మా ఇంట్ల లేదు."

"మీ ఇంట్ల లేంది ఇంక శానా ఉన్నది తియ్యి," అన్నాడు. కానీ మౌసు మీద చెయ్యి వేయలేదు.

నా కూతురు గుర్తుకు రాలేదని అనను. వచ్చింది. అయినా అవును అన్న గడిలోనే నొక్కాను.

నాలుగో రోజు జవాబు వచ్చింది. పాస్‌వర్డును స్వయంగా తెలియజేసినందున సదరు లావాదేవీలన్నీ తమరే జరిపినట్లు భావించి ఫిర్యాదును ముగించడమైనది. నిజం రాసిన ఖాతాదారుకు ఒక్క వాక్యం. నోటుబుక్కు పెట్టి పాస్‌వర్డులు రాయించుకున్నవాడికి ఒక్క ప్రశ్న కూడా లేదు.

దాన్ని ప్రింటు తీయించి ఆఫీసుకు తీసుకుపోయి అతని ముందు పెట్టాను. అతను చదివాడు. మళ్లీ చదివాడు. లేచి నిలబడి, నాకు కుర్చీ జరిపాడు.

"మీరు లేదు అని పెడితే నా ఆఫీసు మూతవడుతుండె సార్," అన్నాడు. "పెద్దింటోళ్లు పెద్దింటోళ్లే. ఛాయ్ చెప్పాల్నా?"

అంతకుముందు బెంచీల మీద నవ్వినవాళ్లు ఇప్పుడు తలలూపారు. నా ఆస్తిని తిన్నవాడు నా నిజాయితీకి సాక్ష్యం చెబుతున్నాడు. ఛాయ్ వద్దన్నాను. కూర్చోలేదు. ఆ కాగితం తిరిగి తీసుకుని, మడిచి జేబులో పెట్టుకుని మెట్లు దిగాను. ఇంటికి పోయి, నీకు అందేది ఇదేనని కూతురికి చూపించాలి.