నల్ల సీరియల్, బావ బర్రె

ఈ సంగతి నేను రాయకపోతే రాసేవాళ్లు లేరు. ఆ రోజు వేములపల్లిలో మా బావ ఇంటి హాల్లో టీవీ ముందు ఐదుగురం కూర్చున్నాం. నలుగురు చూశారు. చూడనిది నేనొక్కడినే. చూసినవాళ్లు ఎవరి సంగతి వాళ్లు కొంత మింగేసి చెబుతున్నారు. మింగడానికి ఏమీ లేని సాక్షిని నేనే కనుక, ఉన్నదున్నట్టు రాసిపెట్టే బాధ్యత నా మీద పడింది.

దయ్యాలనూ మహిమలనూ నేను ఏనాడూ నమ్మలేదు. సూర్యాపేటలో బండ్లకు సీటు కవర్లు కుడతాను. బడి చదువు పదో తరగతి దగ్గరే ఆగింది. కానీ ఎన్నో ఏళ్లుగా మధ్యాహ్నం అన్నం తినగానే గ్రంథాలయానికి వెళ్లడం తప్పలేదు. కిటికీ పక్క కుర్చీ నాదని అక్కడ అందరికీ తెలుసు. మెదడు గురించి, కలల గురించి, భ్రమల గురించి అక్కడున్న పుస్తకాలన్నీ చదివాను. నన్ను ఎవరైనా భయపెట్టాలంటే ముందు ఆ పుస్తకాల బీరువా దాటి రావాలి.

మా అక్క పద్మను వేములపల్లిలో ఇచ్చారు. బావ పేరు ఎల్లయ్య. రెండు బర్రెలున్నాయి. వాటిలో పెద్దదాన్ని అమ్మాలనుకున్నాడు. మేళ్లచెరువు నుంచి సైదమ్మ అనే ఆమె కొనడానికి వస్తోంది. ఆమె భర్త సిమెంటు లారీ నడిపేవాడు, కాలు విరిగి ఇంట్లో పడ్డాడు. ఇక ఈ బర్రె పాల మీదే ఆ ఇల్లు గడవాలి.

బావ నాకు ఫోన్ చేశాడు. "బామ్మర్దీ, నువ్వు సదువుకున్నోనివి. జర వచ్చి ఆమెకు రెండు మాటలు చెప్పు. నేను చెప్తే నమ్మది, నువ్వు చెప్తే నమ్ముతది." నన్ను చదువుకున్నవాడినని మా వాళ్లలో అనే ఒకే ఒక్క మనిషి బావ. వెంటనే మా ఆవిడ లలితను తీసుకుని మిర్యాలగూడ బస్సెక్కాను.

పాడి బర్రెను కొనేవాళ్లు రెండు పూటలా ముందు కూర్చుని పాలు పిండించి చూసుకోవడం మా వైపు ఆనవాయితీ. సాయంత్రం ఒక పూట, ఆ రాత్రి అక్కడే ఉండి పొద్దున ఇంకో పూట. బావ మాత్రం సైదమ్మతో ముందే, "ఒక్క పూట సూస్తే సాలదా అక్కా, మల్ల కోదాడ బస్సు దొరకది నీకు" అన్నాడు. ఆమె సరేనంది.

మేం వెళ్లేసరికి సైదమ్మ వచ్చి ఉంది, బర్రె పొదుగు కుండలా నిండి ఉంది. దూడ దూరంగా కట్టేసి ఉంది, గొంతు పగిలేలా అరుస్తోంది. పశుపోషణ మీద చదివింది నాకు గుర్తొచ్చింది. పొదుగు నిండుగా, నరాలు ఉబ్బి ఉండటం మంచి జాతి లక్షణమని సైదమ్మకు వివరంగా చెప్పాను. దూడ అరవడం తల్లికి పాలు సమృద్ధి అనడానికి సాక్ష్యమని కూడా చెప్పాను. ఆమె నావైపు ఎంతో గౌరవంగా చూసింది. లలిత మాత్రం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని పక్కకు తిరిగింది.

పాలు పిండే వేళకు ఇంకా సమయం ఉంది. అక్క టీవీ పెట్టింది. మధ్యాహ్నం ఒక సీరియల్ వస్తుంది. రోజుకొక కథ. మంచివాడిలా కనిపించే మనిషి ఎవరికీ తెలియకుండా ఒక తప్పు చేస్తాడు, కథ అయ్యేసరికి అది అతని మెడకే చుట్టుకుంటుంది. అంతా చీకట్లోనే తీస్తారు. "వాళ్లింట్ల ఒక్క లైటన్న ఎయ్యరు" అని అక్క రోజూ తిడుతుంది, రోజూ చూస్తుంది. మా ఇళ్లలో దాన్ని నల్ల సీరియల్ అంటాం. సైదమ్మ కూడా చూస్తుందట.

తెర మీద నాకు కనిపించింది ఇది: నీలం రంగు, మధ్యలో సిగ్నల్ లేదని తెల్ల అక్షరాలు. అంతే. సిగ్నల్ వచ్చేదాకా ఊరికే ఉండటం ఎందుకని మనిషి స్వభావం మీద చదివిన నాలుగు ముక్కలు చెప్పడం మొదలుపెట్టాను. ఎవరూ నావైపు తిరగలేదు. అది మామూలే కనుక పట్టించుకోలేదు. కాసేపటికి చూస్తే నలుగురూ రెప్ప వేయడం లేదు. అక్క కళ్లలో నీళ్లు. బావ చేతిలో చాయ్ చల్లారిపోయింది.

ఉన్నట్టుండి బావ లేచి అరిచాడు. "బంద్ చెయ్యవే! ఆ బర్రె కథ మనకెందుకు?"

"బర్రెక్కడిది? కుక్కర్ కదా సూపెట్టేది!" అంది అక్క.

"కుక్కర్ ఏందమ్మా?" సైదమ్మ గుండె మీద చెయ్యేసుకుంది. "పాలల్లో నీళ్లు కలిపే ఆడమనిషి కథ కదా! నేనింకా పాలు అమ్మనే లేదు. మనసులో అనుకున్నానంతే. అప్పుడే నన్ను చూపించిందేంటయ్యా!"

నేను తెర చూపించి, "అక్కడ ఏమీ రావడం లేదు" అన్నాను. నలుగురూ నన్ను పిచ్చివాణ్ని చూసినట్టు చూశారు.

ఆ తర్వాత జరిగినవన్నీ నా కళ్లతో చూసినవే. అక్క స్టూల్ వేసుకుని సజ్జ మీద నుంచి ఒక ప్రెషర్ కుక్కర్ దించింది. అది మాది. ఎప్పుడో మమ్మల్ని అడిగి తెచ్చుకుని, ఆటోలో పోయిందని చెప్పింది. లలిత చేతిలో పెట్టి, "తీస్కపో లలితా, విజిల్ గూడ అందుల్నే ఉంది" అంటూ ఏడ్చింది.

బావ సైదమ్మ ముందు కూలబడ్డాడు. "పొద్దున పూట పాలు పిండలే అక్కా. పొదుగుల్నే ఆపిన. ఉన్నమాట చెప్తున్న, దీని పాలు దీని దూడకే సాలవు."

"మరి ఈ సారు మంచి జాతి అన్నాడే?" అంది సైదమ్మ.

"ఆయన పుస్తకంల సూసి చెప్పిండు. నేను బర్రెను సూసి చెప్తున్న."

బావ దూడను విప్పాడు. అది పరుగెత్తి తల్లి దగ్గరికి చేరింది. ఆ అరుపు ఆగాక ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉందో నాకిప్పటికీ గుర్తే.

సైదమ్మ ఆ బర్రెను కొనలేదు. బావే ఆమెను వెంటబెట్టుకుని పశువుల అంగడికి పోయి, ఇంకో బర్రెను చూసి ఇప్పించాడు. రెండు పూటలా పాలు పిండించాకే బేరానికి చెయ్యి కలపనిచ్చాడు. పాలు ఆపిన దొంగ పొదుగును చెయ్యి వేయగానే కనిపెట్టడం ఆయనకు అలవాటైన విద్య. ఇప్పుడు వాళ్లిల్లు గడుస్తోంది. ఆమె పాలు చిక్కగా ఉంటాయని ఊరంతా అంటారట. భయంతో వచ్చిన చిక్కదనం అంటాడు బావ.

నేను ఊరుకోలేదు. కేబుల్ శ్రీనును కలిశాను. ముందు రోజే గడువు అయిపోయి ఆ ఇంటి బాక్సు ఆగిపోయిందన్నాడు. బర్రె హడావిడిలో బావ డబ్బు కట్టడం మరిచాడట. అంటే ఆ మధ్యాహ్నం ఆ టీవీలో ఏదీ వచ్చే వీలు లేదు, నాకు కనిపించిన నీలం రంగు తప్ప. మూకుమ్మడి భ్రాంతి అందామంటే, పుస్తకాల ప్రకారం అందరికీ ఒకటే కనిపించాలి. ఇక్కడ ఎవరి కథ వారికి కనిపించింది. బావ డబ్బు కట్టిన తర్వాత రెండుసార్లు వెళ్లి అదే వేళకు ఆ టీవీ ముందు ఒంటరిగా కూర్చున్నాను. మామూలు సీరియలే వచ్చింది, మామూలు చీకటితో.

నాకెందుకు కనిపించలేదు? నేను తప్పు లేని మనిషిని కనుక అని మొదట అనుకున్నాను. ఆ మాటే లలితతో అన్నాను. "నువ్వు మాట్లాడుతనే ఉంటివి. నీకు సూపెట్టి ఏం ఫాయిదా?" అంది.

లలిత ఏం చూసిందో ఇప్పటికీ చెప్పలేదు. కానీ అంతకుముందు నేను చదివింది చెబుతుంటే కళ్లు మూసుకునే ఊఁ కొట్టేది. ఆ రోజు నుంచి, "సాలు, నాకు ఇనబుద్ధి అయితలేదు" అని మొహం మీదే చెబుతోంది. ఇదెలా జరిగిందో నాకు తెలియదు. తెలిపే పుస్తకం ఇంకా దొరకలేదు.

ఈ వృత్తాంతం రాయడానికి తోడ్పడినవారికి కృతజ్ఞతలు. తన పరువు పోయినా పేరు రాయమన్న ఎల్లయ్య బావకు. కుక్కర్ సంగతి తీసేయమని బతిమాలి, చివరికి ఉంచనిచ్చిన పద్మక్కకు. మేళ్లచెరువు నుంచి ఫోన్‌లో అన్నీ మళ్లీ చెప్పిన సైదమ్మకు. కేబుల్ శ్రీనుకు. చివరగా మా లలితకు. రాసినదంతా నిన్న చదివి వినిపించాను. మొదటి నుంచి చివరిదాకా కళ్లు తెరిచే విన్నది. ఊఁ కొట్టలేదు. చాలు అనలేదు.