వేరే దారి ఉందని రాసిన లాయరమ్మ

మా సీనియర్ మేడమ్ పోయారన్న కబురు నాకు గురజాల కోర్టు వరండాలో తెలిసింది. నా కేసు పిలుపు కోసం చూస్తూ ఫోన్ తీస్తే, బార్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఆవిడ ఫొటో పెట్టి కింద పెద్ద పేరా రాశారు. న్యాయకోవిదురాలు, ధీరవనిత, అపర సరస్వతి, పేదల పాలిటి కల్పవల్లి. ఇవన్నీ దాటి చివరికొస్తే గానీ ఆవిడ పోయారన్న సంగతి తెలియలేదు. కళ్ళల్లో నీళ్ళు తిరుగుతుండగానే నవ్వు కూడా వచ్చింది. ఆవిడే ఆ పేరా వింటే, "పోయిందని ముందు చెప్పవే, పొగిడేది తర్వాత" అనేవారు.

ఈ నాలుగు మాటలు చదివే మీలో చాలామందికి కోర్టు కాగితం అంటే భయమో విసుగో ఉంటుంది. తప్పు మీది కాదు, మాది. మేమట్లా రాస్తాం. ఆవిడ అట్లా రాయలేదు, మమ్మల్ని రాయనివ్వలేదు. అట్లా రాయకుండానే ఆవిడ గెలిచారని చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఆవిడ నరసరావుపేటలో సివిల్ కేసులు చూసేవారు. కక్షిదారులకు ఆవిడ లాయరమ్మ. నాది నూజెండ్ల, నాన్న లారీ డ్రైవరు. మా ఇంట్లో కోర్టు మెట్లెక్కినవాళ్ళు ఉన్నారు గానీ నల్లకోటు వేసుకుని ఎక్కింది నేనే మొదలు. నా నోరు పెద్దది, కోపం ఇంకా పెద్దది. ఆవిడ దగ్గర జూనియర్‌గా చేరిన కొత్తలో ఒక దావా రాసుకుని వెళ్ళాను. ఆవిడ ఏ కాగితమూ ముందు కళ్ళతో చూడరు, చదివించుకుని వింటారు. కుర్చీలో కాళ్ళు పైకి ముడుచుకుని, కళ్ళు మూసుకుని, చేతిలో కళ్ళజోడు పెట్టె పట్టుకుని కూర్చుంటారు. అక్కర్లేని మాట చెవిన పడితే ఆ పెట్టెతో బల్ల మీద టక్కుమని కొడతారు.

"ప్రతివాది అంగబలము, అర్థబలము కలిగి, చట్టమన్న లెక్కలేని దౌర్జన్యపరుడు" అని చదివాను.

టక్.

"ఆయన అంగబలం ఎంతుందో కొలిచొచ్చావటే?"

"అందరూ అట్టాగే రాస్తారుగా మేడమ్."

"అందరూ రాసేది జడ్జి గారు చదవరే. ఆయనకీ భోజనం వేళవుద్ది. అవతలోడు ఏం చేశాడు, ఎక్కడ చేశాడు, ఎవరు చూశారు, అది రాయి. దౌర్జన్యమో కాదో జడ్జి గారు తేల్చుకుంటారు."

ఆ రోజు బల్ల మీద పడిన దెబ్బలకు నా దావా సగమైంది. ఉడుక్కుంటూ ఇంటికి పోయాను. మర్నాడు మళ్ళీ చదువుకుంటే, మిగిలిన సగం చానా గట్టిగా ఉంది. తిట్లన్నీ పోయాక ప్రతివాది చేసిన పని ఒక్కటే కాగితం మీద నిలబడింది. చదివినవాళ్ళకి వాళ్ళంతట వాళ్ళకే కోపం వచ్చేటట్టు ఉంది.

ఇంకో అలవాటు ఉండేది ఆవిడకు. దావా ఇంగ్లీషులో ఉంటుంది. చివర్లో "తెలుగులో చదివి వినిపించగా విని, నిజమని ఒప్పుకుని సంతకం చేసితిని" అన్న అర్థం వచ్చే వాక్యం ఒకటి ఉంటుంది. చాలా ఆఫీసుల్లో ఆ వాక్యం టైపు అవుతుంది గానీ ఎవరూ ఎవరికీ చదివి వినిపించరు. వేలు ఎక్కడ పెట్టాలో చూపిస్తారు, అంతే. మేడమ్ మాత్రం కక్షిదారుణ్ణి ఎదురుగా కూర్చోబెట్టి, మంచినీళ్ళిప్పించి, మొదటి నుంచి చివరిదాకా తెలుగులో చెప్పించేవారు. "నిజం కాని మాట వస్తే చెయ్యెత్తు" అని ముందే చెప్పేవారు. బయట జనం కూర్చుని ఉన్నా సరే, ఆ పని ఆగేది కాదు. మిగతా లాయర్లు, "లాయరమ్మ హరికథ మొదలైంది" అని నవ్వుకునేవారు. నాకూ నవ్వొచ్చేది, మరియమ్మ చెయ్యెత్తిన రోజు దాకా.

నకరికల్లు వైపు ఒక ఊళ్ళో క్రైస్తవ కుటుంబాల పేట ఉంది. పేట నుంచి వాళ్ళ పొలాలకూ, పొలాల అవతలున్న సమాధుల తోటకూ ఒక బండిదారి. అది ఒక ఆసామి చేను గట్టు వెంట పోతుంది. పాత ఆసామి ఆ చేను అమ్ముకుంటే, కొన్నాయన వచ్చీ రాగానే దారికి అడ్డంగా రాతి స్తంభాలు పాతి ముళ్ళతీగ చుట్టేశాడు. పేట తరఫున మరియమ్మ వచ్చింది. మిరప చేను సొంతంగా చేసుకునే మనిషి, భర్త పోయి చానా ఏళ్ళయింది. తోడుగా మరిది కొడుకు ఏసోబు వచ్చాడు, క్వారీలో పని చేస్తాడు.

"పొలానికి ఎట్టనో పోతాం లాయరమ్మా. మా ఆయన ఆ తోటలోనే ఉండాడు. ఆయన కాడికి పోవాలంటే ఇంకోడి పర్మిషన్ అడగాలంటనా?" అంది మరియమ్మ.

దావా నేనే రాశాను. ఈసారి తిట్లు లేవు. చాలా శ్రద్ధగా, పాత దారి కేసుల ఫైళ్ళు దగ్గర పెట్టుకుని రాశాను. అందులో ఒక వాక్యం ఉంది: వాదికి ఈ దారి తప్ప వేరొక దారి లేదు. మా వైపు దారి గొడవ వచ్చిన ప్రతి దావాలోనూ ఆ వాక్యం ఉంటుంది. పెళ్ళి శుభలేఖలో శ్రీరస్తు ఉన్నట్టే. అది నిజమా అని ఎవరూ అడగరు.

ఆ వాక్యం తెలుగులో చెప్పగానే మరియమ్మ చెయ్యెత్తింది.

"అట్టా రాశారేందమ్మా? కాలవ కట్ట మీద నుంచి ఉందిగా దారి. చుట్టు, అంతే."

ఏసోబు తల పట్టుకున్నాడు. "పెద్దమ్మా, నువ్వు ఊరుకో. లాయరమ్మా, లేదనే ఉంచండి. ఉందని రాస్తే దానెమ్మటే పొమ్మంటారు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలన్నారుగా."

"అతికించేది నేను. ఊడితే పోయేది మీ దారి" అన్నారు మేడమ్.

నేనూ ఏసోబు పక్షమే. ఆ ముక్క లేకపోతే దావా ఎట్టా నిలబడుతుందని అడిగాను. ఆవిడ మరియమ్మ వైపు తిరిగారు. కట్ట మీద బండి పోతుందా? కాలవకు నీళ్ళొదిలితే ఎట్లా ఉంటుంది? మీ అత్తగారు ఏ దారిన నడిచేది? గట్టు దారిన నడిచేటప్పుడు ఎవరినన్నా అడిగేవాళ్ళా? మరియమ్మ చెప్పింది చెప్పినట్టు నా చేత రాయించారు. కాలవ కట్ట మీదుగా మరో దారి ఉంది. అది చుట్టు. నీళ్ళు వదిలిన నెలల్లో బండి దిగబడుతుంది. ఎండాకాలం మనిషి నడవగలడు. అయినా ఊరి పెద్దలకు బుద్ధి తెలిసినప్పటి నుంచి పేట జనం నడుస్తున్నది చేను గట్టు దారినే. ఎవరి అనుమతీ అడగకుండా, అందరూ చూస్తుండగా నడిచారు.

"ఇంకో దారి ఉన్నంత మాత్రాన నడిచిన దారి మీద హక్కు ఎక్కడికీ పోదే" అన్నారు నాతో. "అది నువ్వు చదువుకున్న చట్టంలోనే ఉంది. పాత ఫైల్లో లేదు."

దావా వేశాం. కేసు తేలేదాకా దారి తెరిపించమని అడిగితే, వేరే దారి ఉందని వాదే చెబుతోంది కాబట్టి ఇప్పుడు అంత తొందర లేదని కోర్టు కాదనింది. ఆ వానాకాలమే ఏసోబు తండ్రి పోయాడు. కాలవ నిండా నీళ్ళు. శవపేటికను కట్ట మీద నుంచి మోశారు. మేడమ్ చెప్పులు చేత్తో పట్టుకుని వెనకే నడిచారు, నేనూ నడిచాను. ఒక చోట మోసేవాళ్ళ కాళ్ళు జారి పేటిక పక్కకి ఒరిగింది. ఆడవాళ్ళు కేక పెట్టారు. ఎవరో మోకాళ్ళ మీద పడి భుజం ఆనించి నిలబెట్టారు.

వారం తిరగకుండా ఏసోబు ఆఫీసుకి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"మా నాయన బురదలో పడబోయాడు లాయరమ్మా. లేదని ఒక్క ముక్క రాస్తే మీకేం పోయేది?"

"నాకేం పోయేది కాదురా" అన్నారు మేడమ్ మెల్లగా. "మీ పెద్దమ్మ బోనెక్కి ప్రమాణం చేసి ఆ ముక్క చెప్పాల్సొచ్చేది. వాళ్ళు ఆ ఒక్కటి పట్టుకుని, ఆమె చెప్పిన తక్కిన నిజాలన్నీ కాలవలో కలిపేవాళ్ళు. నా మీద కోప్పడు, పర్లేదు. ఆమె చేత మటుకు అబద్ధం చెప్పించను."

వాడు వెళ్ళిపోయాడు. ఆవిడ ఆ రోజు భోజనం ముట్టుకోలేదు. నేనూ కొన్నాళ్ళు ఆవిడతో ముక్తసరిగానే మాట్లాడాను. నిజం నిలకడ మీద తెలుస్తుందంటారు గానీ, ఆ నిలకడ దాకా మనుషులు బతకాలి కదా అని నా బాధ.

విచారణ రోజు వచ్చింది. అవతలి లాయరు పేరున్న పెద్దమనిషి, గొంతు విప్పితే కోర్టు హాలు దద్దరిల్లుతుంది. మా దావాకు రాసిచ్చిన జవాబులో వాళ్ళు, మా ప్రాంతపు కోర్టుల అలవాటు ప్రకారం, అన్నీ కాదన్నారు. చేను గట్టున దారి అనేదే ఎన్నడూ లేదని రాశారు. కాలవ కట్టకు ఫొటోలు తీయించారు, దాని మీద నడిచే సాక్షుల్ని సిద్ధం చేసుకున్నారు. అంతకుముందు దారి తెరిపించమన్న అర్జీ రోజున కోర్టుకొచ్చింది ఆయన జూనియరే, ఆయన కాదు. మా దావా చదివారో, దారి దావాలన్నీ ఒకటే కదా అనుకుని పైపైన చూశారో నాకు తెలియదు. ఆయన ఫొటోలు చేత్తో పట్టుకుని మరియమ్మ ముందుకొచ్చి, గొంతు పెంచి, "కాలవ కట్ట మీద నుంచి మీకు దారి ఉందా, లేదా? ప్రమాణం చేశావు, చూసి చెప్పు!" అన్నారు.

"ఉందయ్యా" అంది మరియమ్మ. "మా లాయరమ్మ రాసిందిగా."

జడ్జి గారు కాగితం తిప్పి చూశారు. "అవునండీ, దావాలోనే ఉంది. తర్వాత ప్రశ్న" అన్నారు.

తర్వాత ప్రశ్న లేదు. ఆయన సిద్ధం చేసుకున్నదంతా ఆ ఒక్క ప్రశ్న వెనకే కట్టిన బండి. ఫొటోలు అటూ ఇటూ తిప్పి, గొంతు సవరించుకుని కూర్చున్నారు. నేను మేడమ్ పక్క కుర్చీలో ఈల వేయకుండా ఆపుకోవడానికి చీర కొంగు నోట్లో కుక్కుకున్నాను. నిజంగా.

ఆపైన వాళ్ళ సాక్షి వచ్చాడు, ఆ చేను ఎప్పటి నుంచో దున్నే ట్రాక్టరు మనిషి. గట్టున దారే లేదని చెప్పాడు. మేడమ్ లేచి, ఇంటి పక్క మనిషిని పలకరించినట్టు అడిగారు.

"దున్నే చాలు చివరికొచ్చాక ట్రాక్టరు ఎక్కడ తిప్పేవాడివి నాయనా?"

"దారి కాడ తిప్పేవాణ్ణమ్మా" అన్నాడు అతను.

హాలంతా గొల్లుమంది. జడ్జి గారు తల వంచుకుని రాసుకున్నారు. మేడమ్ ఇంకో ప్రశ్న వెయ్యలేదు, నవ్వనూ లేదు. కూర్చుని నా చెయ్యి బల్ల కింద గట్టిగా నొక్కారు. ఆ నొక్కుడు ఇప్పటికీ నా అరచేతిలో ఉంది.

తీర్పు మాకే వచ్చింది. తనకు ఇబ్బంది కలిగించే విషయాన్ని వాది తానే ముందుగా చెప్పింది కాబట్టి, ఆమె చెప్పిన తక్కినవి నమ్మడానికి సందేహం లేదని జడ్జి గారు రాశారు. చాలా కేసులు గెలిచాను ఆ తర్వాత. అంత సంతోషం మళ్ళీ దొరకలేదు. ఏసోబు కోర్టు ఆవరణలోనే వంగి ఆవిడ కాళ్ళు పట్టుకోబోతే, "ఒరేయ్, లెగు. గెలిపించింది మీ పెద్దమ్మ నోరు" అన్నారు.

మొన్న మేడమ్ ఇంటికి పేట జనం రెండు ట్రాక్టర్ల నిండా వచ్చారు. ఆ అవతలి లాయరు గారూ వచ్చారు, కర్ర ఊతంతో. ఆవిడ కాళ్ళ దగ్గర పూలు ఉంచి, నా పక్కకొచ్చి, "అమ్మాయ్, అంత సిద్ధపడి వెళ్ళి నోట మాట లేకుండా కూర్చున్నది నా ప్రాక్టీసులో ఆ ఒక్క రోజే. ఆ రోజు నుంచి అవతలివాళ్ళ దావా మొత్తం చదవడం నేర్చుకున్నా" అన్నారు. ఏడుస్తున్నదాన్ని ఫక్కున నవ్వేశాను.

ఆవిడను తలుచుకుంటే నాకు కోర్టు హాలు కనిపించదు. దారి తెరిచిన పొద్దు కనిపిస్తుంది. స్తంభాలు పీకేసి పక్కన పడుకోబెట్టారు. పేట పేటంతా పూలూ సున్నం బకెట్లూ పట్టుకుని సమాధుల తోటకు బయల్దేరింది. మేడమ్‌ను ముందు నడవమని అందరూ బతిమాలారు. "దారి మీది, నాకేం పని ముందు" అని మరియమ్మను ముందుకు నెట్టారు. మరియమ్మ నడవడం మొదలుపెట్టింది. కొంతదూరం పోయేసరికి అది నడకలా లేదు, దాదాపు పరుగు. ఏసోబు వెనక నుంచి, "పెద్దమ్మా, ఆగు, అందరం వస్తన్నాం" అని అరిచాడు.

"ఆపమాకరా" అన్నారు మేడమ్. ఆయాసంతో గట్టు మీద నిలబడిపోయారు. కోర్టుకని వేసుకొచ్చిన కోటు తీసి భుజాన వేసుకున్నారు. ఎర్రగా పండిన మిరప చేల నడుమ మరియమ్మ తల మీద పూలబుట్ట చిన్నదవుతూ పోతుంటే, అది తోట గేటు దాటేదాకా అక్కడే నిలబడి చూశారు.